గొంతులోని క్రిమి, రొమ్ములోని జబ్బు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వైద్యము నా విద్య కాదు. లెక్కలు వ్రాయుచు తల నెరసినవాడను. ఈ గ్రంథాలయపు బీరువాలలోని పాత పుస్తకములే నాకు గురువులు. అట్టి నేను పసిబిడ్డల న్యుమోనియాను గూర్చి మాటాడ సాహసించుటకు నా ఇంట జరిగిన ఒక సంగతి కారణము.

మూడేండ్ల క్రిందట నా దౌహిత్రికి పదునాలుగవ నెలలో దగ్గును జ్వరమును పట్టినవి. పసరు పోయింతమని ఒకరు, వాత పెట్టింతమని ఒకరు అనగా వారిని మందలించితిని. నవీనుడనని గర్వించుచు, పట్టణములో ఒక పరీక్షాశాలలో బిడ్డ గొంతునుండి దూదిపుల్లతో తీయించి మాలిక్యులర్ పరీక్షకు ఇప్పించితిని. “కాగితము రానిండు, పిదప వైద్యునికడకు పోవుదము” అంటిని. ఆ రాత్రి బిడ్డ డొక్కలెగురవేయసాగెను, పాలు విడిచెను. తెల్లవారుజామున ఆసుపత్రికి చేర్చితిమి. డాక్టరమ్మగారు కాగితమడుగలేదు. చొక్కా పైకెత్తి, గడియారము చూచుచు నిండు నిమిషము ఊపిరులు లెక్కించిరి. 62 వచ్చినవి. వెంటనే ఆక్సిజన్, ఇంజెక్షన్లు ఇచ్చిరి. బిడ్డ దక్కినది. ఆ ఒక్క రాత్రి జాప్యము నాదే గాని పరీక్షది కాదు.

మరునాడు కాగితము వచ్చినది. అందు న్యుమోకోకస్, హీమోఫిలస్ అను రెండు బాక్టీరియాల పేర్లును ఒక వైరస్ పేరును ఉన్నవి. “వీనిలో దోషి ఏది?” అని అడిగితిని. “బాబాయిగారూ, ఇంటిలో ఎవరెవరున్నారో ఈ కాగితము చెప్పును, దొంగ ఎవరో చెప్పదు. ఆడుకొనుచున్న మీ పెద్ద మనుమని గొంతులోను వీనిలో ఒకటి రెండు కనబడవచ్చును” అని ఆమె బదులిచ్చిరి.

ఆ మాట పట్టుకొని నేను చదువుకొన్నది మనవి చేసెదను. ఈ పరీక్షకు మూలమైన పి.సి.ఆర్. పద్ధతిని 1983లో కేరీ మల్లిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. 1993లో నోబెల్ బహుమానము పొందెను. క్రిమియొక్క జన్యుపదార్థపు తునకను ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెంచుకొనిపోవుటయే దాని మర్మము. ముప్పది మార్లు రెట్టించిన ఒకటి నూరు కోట్లు దాటును; లెక్కలవారు వేసి చూచుకొనవచ్చును! క్రిమిని పళ్లెములో పెంచి గుర్తించుటకు ఒకటి రెండు దినములు పట్టును. మందు ముందే పడియున్నచో అది పెరుగకపోవచ్చును. పి.సి.ఆర్.కు కొన్ని గంటలు చాలును. కాని జబ్బున్నది ఊపిరితిత్తిలో. పసివారు కఫము ఉమియలేరు, మ్రింగుదురు. ప్రతి బిడ్డ రొమ్ములోను సూది దింపలేము. కావున ముక్కునుండియో గొంతునుండియో తీయుదురు. చిక్కంతయు అక్కడనే.

ఆసియా, ఆఫ్రికాలలోని ఏడు దేశములలో నాలుగు వేలకు పైగా రోగులైన బిడ్డలను, వారితోపాటు ఐదు వేలకు పైగా ఇతర బిడ్డలను పరీక్షించి, 2019లో ఫలితములు ప్రకటించిరి. న్యుమోకోకస్ ఉభయుల గొంతులలోను విరివిగా కనబడినది. వ్యాధికారణములలో బాక్టీరియాలకంటె వైరస్‌ల పాలే హెచ్చనియు, వానిలో ఆర్.ఎస్.వి. మొదటిదనియు తేలినది.

అన్నంభట్టు తర్కసంగ్రహము చదివినవారికి ఇది క్రొత్త గాదు. పొగను చూచి నిప్పును ఊహింపవచ్చును. నిప్పును చూచి పొగను ఊహింపరాదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. న్యుమోకోకస్ ఉన్న ఆరోగ్యవంతుడైన బిడ్డ ఆ ఇనుపగుండు వంటివాడు.

అట్లని పరీక్ష వ్యర్థమనకుడు. ఊపిరితిత్తి చుట్టు చేరిన చీమునందు సహజముగా ఏ క్రిమియు ఉండదు. అచ్చట దొరికిన పేరునకు విలువ గలదు. క్షయ క్రిమియు అంతే. అది ఆరోగ్యవంతుని గొంతులో ఊరక కాపురముండునది కాదు. ఏ తావునుండి తీసిరో అడుగనిదే కాగితమును నమ్మరాదు.

ఇక కాగితముతో పనిలేని లెక్క యొకటి కలదు. బిడ్డ ఏడువక నిమ్మళముగా నున్నపుడు నిండు నిమిషము ఊపిరులు లెక్కింపవలెను. రెండు నెలలు నిండనివారికి 60, ఏడాదిలోపువారికి 50, ఏడాది నిండి ఐదేండ్లలోపువారికి 40 — అంతకు చేరినను మించినను ఆలసింపక వైద్యునికి చూపవలెను. డొక్క లోనికి పోవుచున్నను, పాలు విడిచినను లెక్కకైనను ఆగరాదు. న్యుమోకోకస్ టీకాను 2017లో మన దేశములో కొన్ని రాష్ట్రములందు ఉచితముగా మొదలిడి 2021లో దేశమంతటికి విస్తరించిరి. మన తల్లులు కొందరు రెండవ మోతాదుతోనే మానుకొనుచున్నారు. మూడవది తొమ్మిదవ నెల నిండిన పిదప వేయింపవలెను.

ఊపిరులు లెక్కించుటకు సెకండ్ల ముల్లు గల గడియారము కావలెను. మన గ్రంథాలయపు గోడగడియారమునకు ఆ ముల్లు విరిగి చాలకాలమైనది. రజతోత్సవ వ్యయములో దానికొక పద్దు వ్రాయవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను.