పాత ఎరకు చేప పడ్తదా?



ఇయ్యాల ముచ్చట గాలం గురించి. గాలం మొగోళ్ల పని కదా, మాకెందుకు అనుకోకండి. గాలానికి ఎర కావాలి. ఎర పిండి వంటింట్లోంచే పోతుంది. ఆ పిండి పిసికే చెయ్యి ఎవరిది?

మానేరు ఒడ్డున ఒక ఊరు ఉందనుకుందాం. ఆ ఊర్లో ఒక ఇల్లు. ఇంట్లో ముసలవ్వ, కోడలు, మనుమడు ఉన్నారు. మనుమడు కరీంనగర్ పోయి ఎర పొట్లం కొనుక్కొచ్చాడు. రంగు కాగితం. మీద పెద్ద చేప బొమ్మ. ధర నూట ఇరవై రూపాయలు.

"గీ పిండికి నూట ఇరవయ్యా? తౌడు, చెక్క ఇంట్ల ఉండంగ?" అన్నది అవ్వ.

"నీ కాలం వేరే అవ్వా. ఇప్పటి చేపలు గవి తినయ్" అన్నడు మనుమడు.

కోడలు కొత్తగా చదువు నేర్చుకున్నది. పొట్లం తిప్పి చూసింది. ధర చదివింది. తయారైన తేదీ చదివింది. లోపల ఏమేం కలిపారో మాత్రం ఎక్కడా రాసి లేదు. పొట్లం విప్పి వాసన చూసింది.

"అత్తా, పల్లిచెక్క వాసనే వస్తున్నది" అన్నది.

ఇది ఊహించి చెప్పిన ఇల్లే. కాని ఇట్లాంటి మాట చాలా ఇండ్లల్ల వస్తుంది. అవ్వ మాట నిజమా? మనుమని మాట నిజమా?

చేప గుణం మారలేదు. చెరువులో చేపల లెక్క మారింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో, ప్రాజెక్టుల్లో ఉచితంగా చేప పిల్లలు వదిలే పని మొదలుపెట్టింది. బొచ్చె, రవ్వు, మృగాల, బంగారుతీగ పిల్లలను వదిలారు. ఇవన్నీ ఒక్క కులం చేపలు. వీటి దవడలకు పండ్లు ఉండవు. పండ్లు గొంతులో ఉంటాయి. వీటికి మన లెక్క కడుపు సంచి కూడా ఉండదు, పొడుగు పేగే ఉంటుంది. అందుకే ఒక్కసారి కడుపునిండా తినవు. కొంచెం కొంచెం, మళ్లా మళ్లా తింటాయి. మెత్తటిది, వాసన ఉన్నది వెతుక్కుంటాయి.

బంగారుతీగ మూతి కాడ చిన్న మీసాలు చూశారా? ఆ మీసాలకు రుచి తెలుస్తుంది. అది బురదలో మూతి పెట్టి, మీసాలతో తడిమి మేత దేవులాడుతుంది. నీళ్లు ఎంత మురికిగా ఉన్నా దానికి మేత దొరుకుతుంది. పొట్లం మీది రంగు బొమ్మ చేపకు ఎందుకు? ఆ బొమ్మ కొనేవాళ్ల కోసం.

చేపలు పెంచే చెరువుల్లో ఏం మేత వేస్తారు? తౌడు, నూనె తీసిన చెక్క. ఏండ్ల నుంచి అదే మేత. అవ్వ చేసే ఎర ముద్దలో ఉన్నది కూడా అదే. ఇంక చేప ఎందుకు తినదు?

ఇది నిన్నటి ముచ్చట కూడా కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి రాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసం అనే సంస్కృత పుస్తకం రాశాడు. కల్యాణి అంటే ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్. మనకు దూరం కాదు. గాలం వేయడం రాజులకు ఒక వినోదం అని అందులో ఉంది. ఏ చేపకు ఏ మేత పెట్టాలో కూడా ఉంది. సీమదేశంలో ఇప్పటికీ పిండిలో కోడిగుడ్లు కలిపి, గోలీలు చేసి, ఉడకబెట్టి ఎరగా వేస్తారు. కొత్త పేరు పెట్టారు గాని అదీ పిండి ముద్దే.

ఇగ ముద్ద చేసే తీరు చూడండి. రెండు గుప్పెళ్లు మెత్తటి తౌడు తీసుకోండి. పెద్దపల్లి, సుల్తానాబాద్ దిక్కు రైస్ మిల్లులకు కొదువ లేదు, తౌడు దొరుకుతుంది. దోరగా వేయించండి. మాడితే పనికిరాదు. ఒక గుప్పెడు పల్లిచెక్క పొడి, ఒక గుప్పెడు గోధుమపిండి కలపండి. గోధుమపిండి ఎందుకు? దానికి జిగురు ఉంటుంది. ఉత్త తౌడు గాని, జొన్నపిండి గాని నీళ్లల్ల పడంగనే విడిపోతాయి. నీళ్లు ఒక్కసారే పోయకండి. చల్లుకుంటూ పిసకండి. రేగుపండంత ఉండలు చేయండి.

ఒక ఉండను గిన్నెడు నీళ్లల్ల వేసి చూడండి. వెంటనే కరిగితే గోధుమపిండి ఇంకొంచెం కలపాలి. చాలాసేపటికి కూడా రాయి లెక్క ఉంటే తౌడు కలపాలి. చపాతి పిండి కలిపే చేతికి ఈ లెక్క వేరే చెప్పాలా?

మరి మనుమనిది అంతా తప్పేనా? కాదు. పట్నంలో ఉండేవాళ్లకు తౌడు ఎక్కడ దొరుకుతుంది? వాళ్లకు పొట్లమే సులువు. అవ్వ ముద్ద అన్ని చేపలకు పని చేయదు కూడా. కొర్రమట్ట పిండికి రాదు. దానికి కప్పనో, చిన్న చేపనో కావాలి. గడ్డిచేప ఆకు, గడ్డి తింటుంది. బొచ్చె పైపై నీళ్లల్ల సన్న పురుగులు మింగుతుంది. ముద్దను అడుగుకు దించితే బొచ్చెకు అందదు. మృగాలకు, బంగారుతీగకైతే అడుగుకే దించాలి. రవ్వు నడిమి నీళ్లల్ల తిరుగుతుంది. ఎర మంచిదే అయినా లోతు తప్పితే బెండు కదలదు.

చలికాలం సంగతి వేరు. ఆదిలాబాద్ చలి మీకు తెలిసిందే. నీళ్లు చల్లబడితే ఈ చేపలు మేత తగ్గిస్తాయి. అప్పుడు ముద్ద చిన్నగా చేయాలి. లేకుంటే ఎర్రను గుచ్చి చూడాలి. ఎర్ర కూడా పాత ఎరే. పెంటకుప్ప పక్కన తవ్వితే దొరుకుతుంది, పైసా ఖర్చు లేదు.

పాతవి అన్నీ మంచివని మాత్రం అనకండి. మత్తు కాయలు దంచి నీళ్లల్ల కలిపేవాళ్లు ఉన్నారు. తోటాలు పేల్చేవాళ్లు ఉన్నారు. దాంతో పిల్ల చేప, తల్లి చేప అన్నీ చస్తాయి. ఆ నీళ్లే బర్లు తాగుతాయి. తోటా పేల్చినా, విషం కలిపినా నేరమని 1897 నాటి చట్టంలోనే రాశారు. ఇంకొక మాట. సంఘం పెంచే చెరువు అయితే సంఘం పెద్దను అడిగి గాలం వేయాలి. ఆ చేపలు సంఘపోళ్ల కూడు.

అవ్వకు, మనుమనికి పంచాయితి ఎట్ల తెగాలి? కోడలు ఒక ఉపాయం చెప్పింది. ఒకే రేవు, ఒకే లోతు, రెండు గాలాలు. ఒకదానికి పొట్లం పిండి. ఇంకోదానికి అవ్వ ముద్ద. నోటుబుక్కులో నడుమ గీత గీసింది. ఒక దిక్కు "పొట్లం" అని, ఇంకో దిక్కు "అవ్వ" అని రాసింది. పైన తేదీ వేసింది.

"ఎనిమిది దినాలు వేయి కొడుకా. పడ్డ చేపకల్లా ఒక గీత పెట్టు. నూట ఇరవై రూపాయలు కూడా పొట్లం దిక్కే రాయి" అన్నది.

మనుమడు పెన్సిలు చెవిలో పెట్టుకొని రేవు దిక్కు పోయిండు.