షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ తీర్పు: పరీక్షార్థి చదవవలసిన తీరు

పోటీ పరీక్షల్లో వర్తమాన వ్యవహారాలు అనగానే అభ్యర్థుల్లో అధికులకు స్ఫురించేది నెలవారీ సంచికల్లో అచ్చయ్యే తేదీలు, నియామకాలు, అవార్డుల పట్టిక. ఆ పట్టిక వల్ల ప్రిలిమినరీ పరీక్షలో కొన్ని మార్కులు రావచ్చునుగాని, మెయిన్స్‌లో అడిగే వ్యాసరూప ప్రశ్నకు వార్త వెనుక నడిచిన రాజ్యాంగ వివాదం తెలియనిదే సమాధానం రాయడం సాధ్యం కాదు. ఈ సంగతిని స్పష్టం చేయడానికి 2024 ఆగస్టు 1న షెడ్యూల్డ్ కులాల ఉపవర్గీకరణపై సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు కంటే తగిన ఉదాహరణ తెలుగు అభ్యర్థులకు మరొకటి దొరకదు. ఆ తీర్పు తోసిపుచ్చిన పాత తీర్పు ఆంధ్రప్రదేశ్ చట్టం మీద వచ్చినదే, కొత్త తీర్పు తెచ్చిన మార్పు ఈనాడు వారు దరఖాస్తు చేసే నోటిఫికేషన్లలోనే కనిపిస్తున్నది.

పంజాబ్ రాష్ట్రం వర్సెస్ దవీందర్ సింగ్ అనే ఆ కేసును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం విచారించిందనీ, ఆరుగురు ఒక అభిప్రాయానికి, జస్టిస్ బేలా ఎం. త్రివేది మరొక అభిప్రాయానికి వచ్చారనీ ప్రతి సంచికలోనూ ఉంటుంది. వివాదం అసలు దేనిమీద అన్నది మాత్రం వాటిలో అరుదుగా కనిపిస్తుంది.

రాజ్యాంగంలోని 341వ అధికరణం ప్రకారం ఏ రాష్ట్రంలో ఏయే కులాలను షెడ్యూల్డ్ కులాలుగా పరిగణించాలో రాష్ట్రపతి ప్రకటన ద్వారా నిర్దేశిస్తారు. 1950 నాటి ఉత్తర్వుతో ఆ జాబితా మొదలయింది. ఒకసారి ప్రకటించిన జాబితాలో ఒక కులాన్ని చేర్చడానికైనా, తొలగించడానికైనా పార్లమెంటు చట్టం చేయాలి తప్ప రాష్ట్ర ప్రభుత్వానికి ఆ అధికారం లేదు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. జాబితాలోని కులాలను తాకకుండా, వాటికి కేటాయించిన రిజర్వేషన్ శాతాన్ని మాత్రం వాటి వాటి వెనుకబాటును బట్టి పంచడం జాబితాను మార్చడం కిందికి వస్తుందా రాదా అన్నదే ఇరవై ఏళ్లపాటు న్యాయస్థానాల ముందు నిలిచిన ప్రశ్న.

ఈ ప్రశ్నను దేశం ముందుకు అత్యంత బలంగా తెచ్చింది తెలుగునేల. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడి గ్రామంలో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి, పదిహేను శాతం రిజర్వేషన్లలో తమకు అందవలసిన వాటా అందడం లేదని ఉద్యమించగా, ఉమ్మడి వాటాను ముక్కలు చేయడం దళితుల ఐక్యతకే ముప్పని మాల మహానాడు వాదించింది. రెండు వాదనల్లోనూ నిజాయతీ ఉన్నదని ఒప్పుకోకుండా ఈ విషయం మీద రాసే ఏ సమాధానమైనా కరపత్రంగానే మిగులుతుంది. జస్టిస్ పి. రామచంద్రరాజు కమిషన్ సిఫారసుల ఆధారంగా 1997లో జారీ అయిన ఉత్తర్వులు హైకోర్టులో నిలవకపోగా, 2000 సంవత్సరంలో రాష్ట్ర శాసనసభ చట్టమే చేసి, రెల్లి తదితర కులాలను ఎ గ్రూపుగా చేర్చి 1 శాతం, మాదిగ తదితరులను బి గ్రూపుగా 7 శాతం, మాల తదితరులను సి గ్రూపుగా 6 శాతం, ఆది ఆంధ్ర తదితరులను డి గ్రూపుగా 1 శాతం కేటాయించింది. జనం నోట ఇదే ఏబీసీడీ వర్గీకరణ అయింది.

ఆ చట్టాన్ని హైకోర్టు సమర్థించినా, 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇ.వి. చిన్నయ్య కేసులో కొట్టివేసింది. రాష్ట్రపతి జాబితాలో చేరిన కులాలన్నీ కలిసి ఒకే సజాతీయ వర్గం, అంటే లోపల తేడాలు చూడరాని ఏక సమూహం అవుతాయని, దానిని మళ్లీ విడదీయడం జాబితాలో జోక్యం చేసుకోవడమే కాక 14వ అధికరణంలోని సమానత్వ సూత్రానికి కూడా విరుద్ధమని ఆ ధర్మాసనం భావించింది. ఇతర వెనుకబడిన తరగతులను వెనుకబడినవారు, మరీ వెనుకబడినవారు అని విభజించవచ్చునని 1992లో ఇందిరా సాహ్నీ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన మాట షెడ్యూల్డ్ కులాలకు వర్తించదని కూడా అది తేల్చింది. ఆ తరువాత కేంద్రం నియమించిన జస్టిస్ ఉషా మెహ్రా కమిషన్ 2008లో 341వ అధికరణాన్ని సవరించాలని సూచించినా, ఆ సూచన కాగితం మీదే ఉండిపోయింది.

వివాదం మళ్లీ కదలడానికి కారణం పంజాబ్. షెడ్యూల్డ్ కులాల కోటాలో సగం స్థానాలకు వాల్మీకులు, మజ్‌హబీ సిక్కులకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆ రాష్ట్రం 1975లోనే ఉత్తర్వు జారీ చేసింది, 2006లో దానిని చట్టంగా మార్చింది. 2010లో అక్కడి హైకోర్టు చిన్నయ్య తీర్పును అనుసరించి ఆ నిబంధనను కొట్టివేసింది. అప్పీలు సుప్రీంకోర్టుకు చేరింది. 2020లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చిన్నయ్య తీర్పును పునఃపరిశీలించవలసి ఉందని అభిప్రాయపడింది. అంతే సంఖ్యగల ధర్మాసనం పాత తీర్పును తానే రద్దు చేయలేదు గనుక విషయం ఏడుగురి ముందుకు వెళ్లింది. ధర్మాసనాల పరిమాణానికి ఉన్న ఈ ప్రాముఖ్యం పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపెట్టే విషయమేగాని, ఈ కేసు మొత్తం దాని మీదే నడిచింది.

అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ తనకూ జస్టిస్ మనోజ్ మిశ్రాకూ కలిపి రాసిన తీర్పులోని తర్కం ఇట్లా సాగుతుంది. 341వ అధికరణం షెడ్యూల్డ్ కులాలు ఎవరో గుర్తించడానికి ఏర్పడినదే తప్ప, వాటి మధ్య తేడాలు లేవని ప్రకటించడానికి కాదు. జాబితాలో పేరు చేరినంత మాత్రాన ఒక కులానికీ మరొక కులానికీ మధ్య చరిత్రలో పేరుకుపోయిన అంతరం తొలగిపోదు. వాటాను పంచే చట్టం ఏ కులాన్నీ జాబితాలో చేర్చదు, జాబితా నుంచి తీసివేయదు. కాబట్టి 15(4), 16(4) అధికరణాలు రాష్ట్రాలకు ఇచ్చిన అధికారంతో ఉపవర్గీకరణ చేయవచ్చు. అయితే ఆ అధికారానికి హద్దులున్నాయి. ఒక ఉపవర్గం ఎక్కువ వెనుకబడి ఉందని, సర్వీసుల్లో దాని ప్రాతినిధ్యం చాలినంత లేదని లెక్కలతో చూపాలి. ఒక కులానికే మొత్తం కోటా కట్టబెట్టి తక్కినవారిని వెలుపల నిలపకూడదు. రాజకీయ లాభం కోసం చేసిన విభజన న్యాయసమీక్షలో నిలవదు. తీర్పులో అభ్యర్థులు తరచుగా వదిలేసే భాగం ఈ షరతులే. నిజానికి తీర్పు ప్రాణమంతా వాటిలోనే ఉన్నది.

రాష్ట్రాలు వాటాలు మార్చడం రాష్ట్రపతి జాబితాను దొడ్డిదారిన మార్చడమేనని, ఆ అధికారం పార్లమెంటుకు మాత్రమే చెందుతుందని జస్టిస్ త్రివేది తన భిన్నాభిప్రాయ తీర్పులో పేర్కొన్నారు. మెజారిటీ అభిప్రాయం ఎంత సబబుగా తోచినా, సమాధానంలో ఈ వాదనకు చోటివ్వని అభ్యర్థి సగం ప్రశ్నకే జవాబు రాసినట్లు లెక్క. జస్టిస్ బి.ఆర్. గవాయ్‌తో సహా నలుగురు న్యాయమూర్తులు షెడ్యూల్డ్ కులాల్లోనూ క్రీమీలేయర్‌ను, అనగా ఇప్పటికే నిలదొక్కుకున్న కుటుంబాల శ్రేణిని గుర్తించి పక్కన పెట్టాలని అభిప్రాయపడ్డారు. అది కోర్టు ముందున్న ప్రశ్న కాదు కాబట్టి ఆదేశంగా పరిగణించరాదు. షెడ్యూల్డ్ కులాలకు అటువంటి నిబంధన రాజ్యాంగంలో లేదని కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులోనే స్పష్టం చేసింది. క్రీమీలేయర్‌ను కోర్టు అమలు చేయమన్నదని రాసే గైడు పుస్తకం ఏదైనా చేతికి వస్తే దానిని పక్కన పెట్టడం మేలు.

తీర్పు తరువాత తెలంగాణ ప్రభుత్వం జస్టిస్ షమీమ్ అక్తర్‌తో ఏకసభ్య కమిషన్ వేసి, 2025 మార్చిలో శాసనసభలో బిల్లు ఆమోదింపజేసి, ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజున, అమలులోకి తెచ్చింది. అక్కడి 59 కులాల్లో అత్యంత వెనుకబడిన 15 కులాలు మొదటి గ్రూపులో 1 శాతం, మాదిగలతో కూడిన 18 కులాలు రెండవ గ్రూపులో 9 శాతం, మాలలతో కూడిన 26 కులాలు మూడవ గ్రూపులో 5 శాతం పొందుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో విశ్రాంత ఐఏఎస్ అధికారి రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ నివేదిక తరువాత అదే నెలలో ఆర్డినెన్స్ వచ్చింది. అక్కడ రెల్లి తదితర 12 కులాలకు 1, మాదిగ తదితర 18 కులాలకు 6.5, మాల తదితర 29 కులాలకు 7.5 శాతం. శాతంలో అర భాగం వచ్చినందువల్ల నూరు పాయింట్ల రోస్టర్, అంటే ఏ వరుస ఖాళీ ఏ వర్గానికి చెందుతుందో చూపే పట్టిక సరిపోక, రెండువందల పాయింట్ల రోస్టర్ అవసరమయింది. అందులో ఈ మూడు గ్రూపులకు వరుసగా 2, 13, 15 స్థానాలు దక్కుతాయి. ఆర్డినెన్స్ వచ్చిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 20న, 16,347 ఉపాధ్యాయ పోస్టుల మెగా డీఎస్సీ ప్రకటన ఈ వర్గీకరణతోనే వెలువడింది.

రెండు రాష్ట్రాల్లో వాటాలు తారుమారుగా ఉండడానికి కారణం జనాభా పొందిక. తెలంగాణలో మాదిగల సంఖ్య ఎక్కువ, కోస్తాంధ్రలో మాలల సంఖ్య ఎక్కువ. ఉమ్మడి రాష్ట్రానికి 2000లో కుదిరిన 7, 6 నిష్పత్తి విభజన తరువాత ఏ రాష్ట్రానికీ సరిపోకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒక రాష్ట్రం పుస్తకం చదివి మరొక రాష్ట్రం పరీక్షకు వెళ్లే అభ్యర్థులు తప్పులో కాలేసేది సరిగ్గా ఇక్కడే.

ఈ రెండు కమిషన్లు ఆధారంగా తీసుకున్నవి 2011 జనగణన లెక్కలు. తదుపరి జనగణనలో కులాల లెక్క కూడా తీయాలని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది, దేశంలో అధికభాగానికి గణన ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. కొత్త అంకెలు వెలువడినప్పుడు వాటాల చర్చ మళ్లీ తలెత్తక తప్పదు. అందువల్ల అభ్యర్థులు తమ నోటు పుస్తకంలో ప్రతి శాతం పక్కన అది ఏ సంవత్సరపు జనాభా లెక్క మీద ఆధారపడినదో కూడా రాసుకోవాలి.