అరుంధతి అసలు చోటు



మన పెండ్లిళ్లలో పురోహితులు వధూవరులకు అరుంధతిని చూపుతారు. ఈ మారిషస్‌లో ఆ నక్షత్రం ఉత్తరాన బాగా క్రిందుగా కనిపిస్తుంది. కనిపించిన చోటనే అది ఉన్నదా? డాక్టరేటు కోసం మేము చేస్తున్న పరిశోధన ఈ ప్రశ్నను గురించే.

సూర్యుని అంచును ఒరుసుకొని వచ్చే కాంతి 1.75 వికలలు వంగుతుందని ఐన్‌స్టీన్ 1915లో లెక్కకట్టారు. వికల అంటే డిగ్రీలో 3600వ వంతు. 1919 గ్రహణంనాడు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఆ వంపును కొలిచారు. సూర్యునికి లంబకోణంలో ఉన్న నక్షత్రానికి సైతం వికలలో 1000కి 4 వంతుల వంపు ఉంటుంది.

2013లో ఐరోపావారు పంపిన గాయా ఉపగ్రహం 2025 జనవరి వరకు దాదాపు 200 కోట్ల తారలను పరిశీలించింది. కాంతివంతమైన తారల విషయంలో దాని పొరపాటు ఆ వంపులో నూరవ వంతు కంటె తక్కువ. కనుక వంపును సరిదిద్దకపోతే అంత శ్రమా వృథాయే. సూర్యుడు, గురుడు మొదలైన గ్రహాలు, ఉపగ్రహపు వేగము, అన్నీ లెక్కలోకి రావాలి. ఇందుకు డ్రెస్డెన్‌లో ఒక పద్ధతి, టురిన్‌లో మరొకటి విడివిడిగా తయారైనవి. రెండింటినీ పోల్చి చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

“దీనివల్ల మనకేమి లాభం నాయనా?” అని ఇంట్లో పెద్దలు అడుగుతారు. నక్షత్రాల దూరాలకు ఈ కొలతలే పునాది. పునాదిలో తప్పుంటే పైలెక్కలన్నీ తప్పే.

అరుంధతి వెలుగు మనలను చేరడానికి సుమారు 80 ఏండ్లు పడుతుంది. ఈసారి పెండ్లిలో ఆ తారను చూపినపుడు, ప్రక్కనున్న పిల్లలకు ఈ మాట కూడ చెప్పండి. వారిలో కొందరైనా లెక్కలు చేపడితే మాకు తోడు దొరుకుతుంది.