పాత బండ్ల తుక్కు పథకం: రైతులు తెలుసుకోవలసిన నిబంధనలు
(ప్రసంగ పాఠం)



పాత బండిని తుక్కుకు ఇచ్చి కొత్త బండి కొనేవారికి ప్రభుత్వం కల్పించిన రాయితీలను గురించి, వాటికి సంబంధించిన నిబంధనలను గురించి ఈ రోజు మీకు మనవి చేయదలచాను. కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ప్రాంతాలలో వరి, మక్క, పసుపు పండించే రైతులకు గాని, ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు ప్రాంతాల నల్లరేగళ్ళలో పత్తి పండించే రైతులకు గాని, ట్రాక్టరు, మోటారు సైకిలు లేనిదే పని గడవని రోజులివి. కనుక ఈ నిబంధనలు పట్నంవారికి మాత్రమే అని మనం ఊరుకొనరాదు.

ముందుగా ఒక పుకారు సంగతి. "పదేళ్ళు దాటిన ట్రాక్టర్లను సర్కారు తుక్కు చేయిస్తుంది" అన్న మాట సెల్‌ఫోన్లలో ఊరూరా తిరిగింది. ఇటువంటి మాటకు భయపడి నడిచే ట్రాక్టరును వచ్చిన ధరకు తెగనమ్మితే నష్టం రైతుదే. అమ్మిన సొమ్ము చేతిలో నిలవదు. తొలకరి పడగానే దున్నకానికి కిరాయి బండి కోసం తిరగవలెను, లేదా కొత్త ట్రాక్టరుకు అప్పు చేయవలెను. ఆ మాట పూర్తిగా అబద్ధమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2023 మార్చిలోనే స్పష్టంగా ప్రకటించింది.

ట్రాక్టరుకు చట్టం ఏమి చెబుతున్నది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కాదు. దాని మొదటి రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ గడువు నిండిన పిమ్మట బండి బాగుంటే అయిదేసి సంవత్సరాల చొప్పున మళ్ళీ మళ్ళీ పొడిగించుకోవచ్చును. ఇందుకు గడువు తీరడానికి ముందు 60 రోజుల లోపల 25వ నంబరు ఫారముతో దరఖాస్తు చేసి, బండిని తనిఖీకి చూపవలెను. ఆలస్యమైన కొద్దీ అదనపు రుసుము పడుతుంది గనుక ఆర్.సి. మీది తేదీని ఈ రోజే చూసుకోండి.

మన జిల్లాలలో దీనికొక సులువైన గుర్తు ఉన్నది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడక ముందు కరీంనగరులో రిజిస్టరైన బండ్లకు ఏపీ 15 అని, ఆదిలాబాదులో రిజిస్టరైన వాటికి ఏపీ 01 అని నంబరు ఉండేది. తరువాత టీఎస్, 2024 మార్చి నుండి టీజీ వచ్చినవి. అనగా, ఏపీ నంబరు గల ప్రతి బండికీ పదేళ్ళు దాటినవి. 2029 నాటికి వాటన్నింటికీ పదిహేనేళ్ళు నిండుతాయి. అటువంటి బండి మీ వాకిట ఉంటే గడువు తేదీ చూసుకొనే పని మొదట మీదే.

పదేళ్ళ మాట ఎక్కడిదంటే, ఢిల్లీ పరిసర ప్రాంతంలో గాలి కాలుష్యం కారణంగా పదేళ్ళు దాటిన డీజిలు బండ్లపైన, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లపైన కోర్టులు ఆంక్షలు పెట్టినవి. ఆ ఆంక్షలు ఆ ప్రాంతానికి సంబంధించినవే గాని మన జిల్లాలకు వర్తించవు. సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూసి వయసు కడతాము. కాని ఇంటి ఎద్దును ఉంచడమా, మార్చడమా అన్నది దాని నడక, సత్తువ చూసి తేల్చుకుంటాము. మన బండ్ల విషయంలో చట్టం పద్ధతి కూడ ఇదే.

పథకం ఎట్టిది?

పాత బండ్ల తుక్కు విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 2021 బడ్జెటులో ప్రకటించి, అదే సంవత్సరం ఆగస్టు 13న ప్రారంభించింది. తుక్కు కేంద్రాల నిబంధనలు 2021 సెప్టెంబరు 23న వెలువడినవి. తెలంగాణ ప్రభుత్వం కూడ 2024 అక్టోబరులో స్వచ్ఛంద తుక్కు విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ శాఖల బండ్లకు 15 సంవత్సరాలు నిండితే రిజిస్ట్రేషను పొడిగించరు. ప్రైవేటు బండిని వయసు కారణంగా తుక్కుకు ఇమ్మని బలవంతం లేదు.

ఇతర దేశాలలోను ఇటువంటి పథకాలు జరిగినవి. 2009లో జర్మనీ ప్రభుత్వం తొమ్మిదేళ్ళు దాటిన కారును తుక్కుకిచ్చి కొత్తది కొన్నవారికి 2,500 యూరోలు ఇచ్చింది. అదే సంవత్సరం అమెరికాలో 3,500 లేక 4,500 డాలర్లు ఇచ్చారు. మన పథకంలో అట్లా నగదు చేతికి రాదు. రాయితీ కొత్త బండి పన్నులో, రుసుములో వస్తుంది. ఈ తేడా బాగా గుర్తుంచుకోవలెను. కొత్త బండి కొననివారికి తుక్కు ధర తప్ప ప్రత్యక్షంగా వచ్చేది లేదు.

రాయితీలు ఇవి.

ఒకటి, మోటారు వాహన పన్నులో తగ్గింపు. కేంద్రం 2021 అక్టోబరులో చేసిన నిబంధన ప్రకారం సొంత బండ్లకు 25 శాతం వరకు, రవాణా బండ్లకు 15 శాతం వరకు తగ్గించవచ్చును. "వరకు" అన్న మాట గమనించండి. పన్ను రాష్ట్రానిది గనుక, ఏ తరగతి బండికి ఎంత తగ్గించేదీ రాష్ట్రమే నిర్ణయిస్తుంది. మీరు కొనదలచిన బండికి ఎంత వస్తుందో జిల్లా రవాణా కార్యాలయంలో ముందే అడగండి. పన్నే లేని బండికి పన్నులో రాయితీ అంటే అర్థం లేదు గదా!

రెండు, కొత్త బండి రిజిస్ట్రేషను రుసుము మాఫీ.

మూడు, తయారీదారులిచ్చే తగ్గింపు. ఇది వారి ఇష్టం, చట్టం కాదు. 2024 ఆగస్టులో కార్ల కంపెనీలు ధరలో 1.5 శాతం గాని, 20,000 రూపాయలు గాని, ఏది తక్కువైతే అది ఒక సంవత్సరం పాటు ఇస్తామన్నవి. ఆ సంవత్సరం గడచింది. ఇప్పుడు ఏమి ఇస్తారో డీలరు చేత కాగితం మీద వ్రాయించుకోండి.

నాలుగు, తుక్కు ధర. ఇది కొత్త బండి షోరూము ధరలో సుమారు 4 నుండి 6 శాతం ఉండవచ్చునని 2021లో ప్రభుత్వం చెప్పింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యవసాయ ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. ఈ లాభం పాత బండి ఇచ్చినా, ఇవ్వకున్నా మీకు వస్తుంది. దీనిని పాత బండికి కట్టిన ధరగా చూపి ఎవరైనా బేరం చేస్తే అంగీకరించవద్దు.

ఇవ్వవలసిన పద్ధతి

బండిని ప్రభుత్వం రిజిస్టరు చేసిన తుక్కు కేంద్రానికే ఇవ్వవలెను. బండిపై బ్యాంకు అప్పు ఉంటే ముందుగా తీర్చి, ఆర్.సి. నుండి తాకట్టు తొలగించుకోవలెను. చలానులు, పన్ను బకాయిలు, పోలీసు కేసులు ఉన్నవేమో చూసుకోవలెను. కేంద్రం వారు దొంగబండ్ల జాబితాతో సరిచూసి, అసలు ఆర్.సి. తీసుకొని, డిపాజిట్ సర్టిఫికేటు ఇస్తారు. కొత్త బండికి రాయితీ తెచ్చేది ఈ సర్టిఫికేటే. దీనిని ఇతరులకు అమ్ముకొనే వీలు కూడ ఉన్నది. దానిపై గడువు వ్రాసి ఉంటుంది. గడువు దాటితే విలువ లేదు. తరువాత బండిని ముక్కలు చేసి, తుక్కు చేసినట్లు మరొక సర్టిఫికేటు ఇస్తారు. ఛాసిస్ నంబరు గల ముక్కను కేంద్రం వారు ఆరు నెలలు భద్రపరచవలసి ఉన్నది. రెండు సర్టిఫికేట్లూ మీ వద్ద దాచుకోండి.

పాత ఇనుము కొట్టుకు ఎందుకు ఇవ్వరాదు?

బండి పోయినా, రిజిస్టరులో మీ పేరు పోదు గనుక. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎవరి పేర రిజిస్ట్రేషను ఉంటే వారే యజమాని. పేరు మార్పించక చేతులు మారిన బండితో ప్రమాదం జరిగితే, పరిహారానికి రిజిస్టరులో పేరున్నవారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. పది, ఇరవై వేలకు ఇచ్చివేసిన బండి వల్ల లక్షల రూపాయల పరిహారం మీ భూమి మీదికి రావచ్చును. బండి అమ్మినా, పనికిరాకుండా పోయినా 14 రోజులలో రవాణా కార్యాలయానికి తెలుపవలసిన విధి యజమానిపై ఉన్నది.

మోటారు సైకిలు, జీపు ఉన్నవారికి

2025 ఏప్రిల్ 1 నుండి కాలం తీరిన వాహనాల కొత్త పర్యావరణ నిబంధనలు అమలులోకి వచ్చినవి. రిజిస్ట్రేషను చెల్లని బండిని, తనిఖీలో పనికిరాదని తేలిన బండిని 180 రోజులలో అప్పగించవలెనని వాటిలో ఉన్నది. వ్యవసాయ ట్రాక్టర్లు, వ్యవసాయ ట్రెయిలర్లు, పంటకోత యంత్రాలు, పవర్ టిల్లర్లకు ఈ నిబంధనలనుండి మినహాయింపు ఇచ్చారు. కాని మోటారు సైకిలు, జీపు, ఆటో, చిన్న లారీలకు మినహాయింపు లేదు. పదిహేనేళ్ళు దాటిన మోటారు సైకిలు రిజిస్ట్రేషను పొడిగింపునకు 2022 ఏప్రిల్ నుండి కేంద్ర నిబంధనలలో 1,000 రూపాయలు, కారు, జీపులకు 5,000 రూపాయలు రుసుము. ఇరవై ఏళ్ళు దాటితే 2025 ఆగస్టులో దీనిని 2,000, 10,000 రూపాయలకు పెంచారు. అద్దెకు తిప్పే రవాణా బండ్లకు ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకొకసారి, ఆ పైన ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు.

లాభనష్టాల లెక్క

ఒక జీపును ఉదాహరణగా తీసుకుందాము. అంకెలు లెక్క కొరకు పెట్టుకున్నవి మాత్రమే. తుక్కు ధర 40,000 రూపాయలు. కొత్త బండి పన్ను 60,000. అందులో పూర్తిగా 25 శాతం రాయితీ వస్తే 15,000. రిజిస్ట్రేషను రుసుము 600. కంపెనీ తగ్గింపు 10,000. మొత్తం 65,600 రూపాయలు. జీపు నడుస్తూ, కొనేవారు లక్ష రూపాయలు ఇస్తామంటే, పేరు మార్పించి అమ్మడమే 34,400 రూపాయలు లాభం. ఇంజను పోయి, కొనేవారు 45,000 మాత్రమే ఇస్తామంటే, తుక్కుకిచ్చి కొత్తది కొనడమే 20,600 రూపాయలు లాభం. కేంద్రం దూరమైతే బండిని చేర్చే ఖర్చు కూడ తీసివేయండి.

ట్రాక్టరుకు కూడ ఇదే లెక్క. ఏటా మరమ్మతులకు ఎంత అవుతున్నది, అదునులో ఎన్ని రోజులు షెడ్డులో నిలుస్తున్నది వ్రాసిపెట్టుకోండి. దానిని కొత్త ట్రాక్టరు అప్పు వాయిదాతో పోల్చండి. మరమ్మతు ఖర్చు, ఆగిన రోజుల నష్టం కలిసి వాయిదాకంటె తక్కువగా ఉన్నంతకాలం పాత ట్రాక్టరే మీకు మేలు. కొత్త రంగు చూసి గాని, పుకారు విని గాని అప్పు చేయవద్దు.

కనుక సోదరులారా, ఈ వారంలో మూడు పనులు చేయండి. ఇంటిలోని ప్రతి బండి ఆర్.సి. తీసి గడువు తేదీ చూడండి. ఇదివరకు అమ్మిన బండ్లు ఇంకా మీ పేర ఉన్నవేమో రవాణా కార్యాలయంలో విచారించండి. ఎవరైనా "సర్కారు పట్టుకుపోతుంది" అని మీ ట్రాక్టరుకు బేరం పెడితే, ఆ నిబంధన కాగితం చూపమనండి. పదేళ్ళకు ట్రాక్టరు తుక్కు చేయమనే కాగితం వారి దగ్గర ఉండదు, పదిహేనేళ్ళ ఆర్.సి. మీ దగ్గర ఉంటుంది.