ఇంటిదొంగ ఆచూకీ: నిర్మాణరంగంలో పన్ను ఎగవేత, సమాచారదాతకు రక్షణ



ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని తెలుగువారి సామెత. రాజ్యవ్యవహారాల లోతుపాతులెరిగిన కౌటిల్యుడు ఈ చిక్కును ఏనాడో గుర్తించాడు. మైసూరులో ఆర్. శామశాస్త్రి 1905లో వెలికితీసి, 1909లో ప్రకటించిన అర్థశాస్త్రంలో ఇందుకొక నియమమున్నది. ప్రభుత్వధనం అపహరణకు గురవుతున్నదని తెలియజేసి, దానిని రుజువు చేసిన సూచకునికి ఆ ధనంలో ఆరవ వంతు ఇవ్వాలి. అతడు భృత్యుడైతే పన్నెండవ వంతు. కొంతభాగమే రుజువైతే ఆ భాగానికి తగిన వాటా. ఆరోపణ నిలవకపోతే సూచకునికే దండన. బహుమానము, రుజువు, బాధ్యత అనే మూడింటినీ ఒకే సూత్రంతో ముడివేసిన ఆలోచన అది.

ఈ ఆలోచన నేడు అన్నిటికంటె ఎక్కువగా అవసరమైన రంగాలలో నిర్మాణరంగమొకటి. ఒక బహుళ అంతస్తుల భవనం లేవాలంటే భూమి యజమాని, బిల్డరు, గుత్తేదారు, ఉపగుత్తేదారు, ఇసుక, సిమెంటు, ఇనుము సరఫరాదారులు, తాపీమేస్త్రీలు, కూలీలు అందరూ కలవాలి. ప్రతి మెట్టు వద్దనూ ధనం చేతులు మారుతుంది. ప్రతి మార్పిడిలోనూ కొంత లెక్కకు రాకుండా జారిపోయే అవకాశముంటుంది. ఫ్లాటు ధరలో ఒక భాగం దస్తావేజులో చూపి, తక్కినది నగదుగా పుచ్చుకోవడం అందరెరిగిన పద్ధతి. 2015 జూన్ 1 నుండి స్థిరాస్తి అమ్మకాలలో 20,000 రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా స్వీకరించడాన్ని చట్టం నిషేధించింది. అయినా ఆ పద్ధతి పూర్తిగా అంతరించలేదు. రాని సరుకుకు బిల్లులు పుట్టించడం మరొక మార్గం. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చిన తరువాత ఇటువంటి బోగస్ బిల్లులు ఖర్చును పెంచి చూపడానికే గాక, చెల్లించని పన్నుకు మినహాయింపు పొందడానికి కూడ సాధనమయ్యాయి. పనిలో లేని కూలీల పేర్లు మస్టరు రోలులో వ్రాయడం ఇంకొక మార్గం.

ఈ రంగంలో ఒక విచిత్రం గమనించదగినది. ఒకే భవనానికి రెండు నిర్మాణవ్యయాలుంటాయి. ఆదాయపు పన్ను అధికారి ముందు వ్యయం ఎంత ఎక్కువగా కనబడితే లాభం అంత తక్కువ. కార్మిక సంక్షేమ సెస్సు అధికారి ముందు అదే వ్యయం ఎంత తక్కువగా కనబడితే సెస్సు అంత తక్కువ. నిర్మాణవ్యయంపై 1 శాతానికి తగ్గకుండా, 2 శాతానికి మించకుండా సెస్సు వసూలు చేయాలని 1996 నాటి చట్టం నిర్దేశించింది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఈ నియమమే నిలిచింది. ఉదాహరణకు, 10 కోట్ల రూపాయలతో కట్టిన భవనాన్ని పన్ను లెక్కలలో 12 కోట్లుగాను, సెస్సు లెక్కలలో 6 కోట్లుగాను చూపారనుకుందాం. ఒకచోట 2 కోట్ల ఆదాయం దాగింది. మరొకచోట 1 శాతం లెక్కన 4 లక్షల సెస్సు ఎగిరిపోయింది. ఆ 4 లక్షలు ప్రభుత్వ ఖజానాకు చెందినవి మాత్రమే కావు. ప్రమాదంలో కాలు విరిగిన కూలీకి, ప్రసవానికి పుట్టింటికి పోయిన స్త్రీకి, వృద్ధాప్యంలో తాపీ పట్టలేని మేస్త్రీకి అందవలసిన సొమ్ము అది. ఒడిశా, బీహారు, జార్ఖండ్‌ల నుండి హైదరాబాదుకు వచ్చే శ్రామికులకు, ఒకనాడు పాలమూరు నుండి దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టడానికి తరలిపోయిన కుటుంబాల సంతతికి సైతం అందులో హక్కున్నది.

ఈ రెండు లెక్కలనూ ఒకేచోట చూడగలిగినవాడెవరు? పన్ను అధికారి ఒక చిట్టాను, సెస్సు అధికారి మరొక చిట్టాను చూస్తారు. రెండింటినీ వ్రాసేవాడు నెలజీతంపై పనిచేసే గుమాస్తా. లారీలెన్ని వచ్చాయో ఎరిగినవాడు సైటు సూపర్వైజరు. కనుక సత్యం వారి వద్దనే ఉన్నది.

అటువంటివారిని ప్రోత్సహించడానికి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2018లో సమాచారదాతల బహుమాన పథకాన్ని ప్రకటించింది. నిర్దిష్టమైన సమాచారం వలన అదనంగా వసూలైన పన్నులో 5 శాతం వరకు, 50 లక్షల రూపాయలకు మించకుండా బహుమానం ఇవ్వవచ్చు. విదేశాలలో దాచిన ధనం విషయంలో ఈ పరిమితి 5 కోట్లు. అదే సంవత్సరం వచ్చిన బినామీ ఆస్తుల పథకంలో పరిమితి 1 కోటి. సమాచారదాతకు పేరుకు బదులు ఒక సంకేత సంఖ్య ఇచ్చి, వివరాలు గోప్యంగా ఉంచుతామని పథకం హామీ ఇచ్చింది.

పథకం మేలైనదే. కాని గుమాస్తా స్థానంలో నిలిచి లెక్క వేయాలి. పై ఉదాహరణలో దాగిన 2 కోట్లపై 60 లక్షల పన్ను వసూలైతే అతనికి దక్కేది గరిష్ఠంగా 3 లక్షలు. అప్పీళ్లు ముగిసి పన్ను చేతికందేసరికి ఏళ్లు గడవవచ్చు. పైగా ఈ బహుమానం ప్రభుత్వ అనుగ్రహమే గాని హక్కు కాదని, నిర్ణయంపై అప్పీలు లేదని పథకమే పేర్కొన్నది. అమెరికాలో 2006 నాటి చట్టం వివాదగ్రస్త మొత్తం 20 లక్షల డాలర్లు దాటిన కేసులలో 15 నుండి 30 శాతం వరకు వాటా నిర్ణయించి, తృప్తి చెందనివారికి పన్నుల కోర్టు తలుపులు తెరిచింది. సెస్సు ఎగవేతను బయటపెట్టినవాడికైతే ఆదాయపు పన్ను పథకం క్రింద పైసా కూడ రాదు.

ధనంకంటె పెద్ద ప్రశ్న ప్రాణభయం. బీహారులోని సివాన్ జిల్లాకు చెందిన ఇంజనీరు సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి రహదారి పనులలోని అక్రమాలను వివరిస్తూ 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ వ్రాశాడు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఆ లేఖ పేరుతో సహా కార్యాలయాల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న గయలో అతడు కాల్పులకు బలయ్యాడు. దోపిడీలో జరిగిన హత్యగా దర్యాప్తు తేల్చగా, 2010లో ముగ్గురికి శిక్ష పడింది. కారణమేదని తేలినా, గోప్యత కోరినవాని పేరు బయటపడడం దేశాన్ని కలచివేసింది. 2004లో కేంద్రప్రభుత్వం ఇటువంటి ఫిర్యాదులను స్వీకరించే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది. 2014లో సమాచారదాతల రక్షణ చట్టం రాష్ట్రపతి ఆమోదం పొందింది. దానిని అమలులోకి తెచ్చే ప్రకటన మాత్రం ఏళ్ల తరబడి వెలువడలేదు. ఈ రెండు ఏర్పాట్లూ ప్రభుత్వోద్యోగుల అవినీతికి సంబంధించినవే. ప్రైవేటు బిల్డరు వద్ద చిట్టా వ్రాసే గుమాస్తాకు వీటి నీడ చాలదు.

బహుమానం ఆశజూపితే ప్రత్యర్థులు అసూయతో తప్పుడు ఫిర్యాదులు గుప్పిస్తారన్న శంక నిరాధారం కాదు. ఇందుకు సమాధానం కౌటిల్యుడే చెప్పాడు: రుజువుకే వాటా, అబద్ధానికి దండన. అయితే పొరపాటునకు, దురుద్దేశానికి గల భేదాన్ని విస్మరించరాదు.

కనుక చేయవలసిన పనులు స్పష్టంగా ఉన్నాయి. పన్ను, సెస్సు శాఖలు ఒకే భవనపు రెండు లెక్కలనూ సరిపోల్చాలి. సెస్సు ఎగవేతను తెలిపినవారికీ బహుమానముండాలి. ఉద్యోగం పోగొట్టుకొన్న సమాచారదాతకు ఉపశమనం చట్టబద్ధం కావాలి. పేరు బయటపెట్టిన అధికారి శిక్షార్హుడు కావాలి.

వాణిజ్యశాస్త్రం, ఇంజనీరింగు చదివే విద్యార్థులు రేపు ఆ చిట్టాల ముందు, ఆ సైట్ల మీద నిలబడేవారే. రెండు లెక్కలు వ్రాయమన్న ఆజ్ఞ వారిలో ఎందరికో ఎదురుకావచ్చు. ఆనాడు వారి అంతరాత్మ ఒంటరిగా మిగిలిపోకుండా చూడవలసిన బాధ్యత రాజ్యానిది. నిజం చెప్పినవాడు మరునాడు కూడ నిర్భయంగా పనికి పోగలగాలి. అంతవరకు ఎంత పెద్ద బహుమానమైనా కాగితం మీది అంకెగానే మిగులుతుంది.