జిగురు కంటే ముందు చేయాల్సిన పని



ఇలాంటి రోజున మన ఆటపాటల గురించి, పోరాటాల గురించి మాట్లాడటం ఆనవాయితీ. మేము మాత్రం ఒక రాత బల్ల గురించి మాట్లాడాలని వచ్చాం. మేము అంటే గిరిజన బాలికల హాస్టల్లో ఉండే వార్డెన్, వంట అక్కలు, పిల్లలు, అందరం.

రెండేళ్ల కిందట మా పిల్లలు ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాసేవారు. మెడ నొప్పి అనేవారు. బల్లలు మనమే చేసుకుందాం అనుకున్నాం. అప్పుడు వానాకాలం. పచ్చి వెదురు తెచ్చి, చీల్చి, పాత తలుపు చెక్కల మీద బద్దలు పేర్చి, బజారులో దొరికే తెల్ల జిగురు పూసి, పైన రాళ్లు పెట్టాం. పన్నెండు బల్లలు తయారయ్యాయి. చూడముచ్చటగా ఉన్నాయి. నెల తిరక్కుండానే బద్దలు ఒక్కొక్కటే లేచిపోయాయి. ఒక పాప అరచేతిలో పేడు గుచ్చుకుంది. "వెదురు పని ఇంతే మేడం, ప్లాస్టిక్ బల్లలు కొందాం" అన్నారు పిల్లలు.

ఆ మాట అన్నవాళ్లలో ఒక కొలాం పాప ఉంది. వాళ్ల తాత బతుకంతా తట్టలు, తడకలు అల్లిన మనిషి. ఆ సంగతి ఆ పాప మాకెవరికీ చెప్పలేదు. ఆదివారం మనవరాలిని చూడటానికి వచ్చిన తాత ఆ బల్లను చేతిలోకి తీసుకుని, గోటితో గీకి, "ఇది ఎప్పుడు కొట్టిండ్రు బిడ్డా?" అని అడిగాడు. వానల్లో అని చెప్పాం. "వానల్ల కొట్టిన బొంగు పురుగు పడతది. పైన తోలు గూడ అట్లనే ఉంచిండ్రు. దాని మీద నీళ్ల చుక్కే నిలవది, జిగురెట్ల పట్టుకుంటది?" అన్నాడు.

ఆయన ఏ జిగురూ వాడి ఎరగడు. అయినా మా తప్పులో సగం ఒక్క నిమిషంలో చెప్పేశాడు. తర్వాత మేము పుస్తకాలు తిరగేసి, పని తెలిసిన వడ్రంగిని అడిగితే, తాత మాటకు కారణాలు దొరికాయి.

వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. దాని పై తోలులో మైనం, ఇసుకలో ఉండే సిలికా ఉంటాయి. లోపలి పొర కూడా నునుపే. రెండు వైపులా చెక్కేస్తేనే జిగురు లోపలికి దిగుతుంది. వెదురులో పిండి పదార్థం, చక్కెర ఉంటాయి. పురుగుకు అదే తిండి. వానలు పోయాక, చలికాలంలో, మూడేళ్లు దాటిన బొంగు కొడితే ఆ పిండి తక్కువగా ఉంటుంది. మన పెద్దలు బొంగులను వాగులో నానబెట్టేది కూడా అందుకే. చక్కెర నీళ్లలో కరిగిపోతుంది. ఫ్యాక్టరీల్లో అదే పనికి బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు వాడతారు.

ఇక తాతకు తెలియని సగం. అతికించే ముందు బద్దలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. చెక్కలోనూ దాదాపు అంతే ఉండాలి. ఒకటి పచ్చిది, ఒకటి ఎండినది అయితే, పచ్చిది ఎండుతూ కుంచించుకుపోయి అతుకును లాగేస్తుంది. బరువు అంతటా సమానంగా పడాలి. తక్కువైతే మధ్యలో ఖాళీలు, మరీ ఎక్కువైతే జిగురంతా బయటికి కారిపోతుంది. తెల్ల జిగురు ఇంట్లో వాడే వస్తువుకు సరిపోతుంది, తడికి ఆగదు. వానకు తడిసే వాటికి ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెసిన్ పూసి వేడి ప్రెస్సులో నొక్కుతారు. ఆ పని గాలి ఆడే చోట, జాగ్రత్తలు తెలిసినవాళ్లే చేయాలి. ఇంట్లో చేసేది కాదు.

చలికాలంలో తాతను పిలిపించి మళ్లీ చేశాం. ఈసారి పన్నెండింటిలో పదకొండు నిలిచాయి. ఒకటి విడిపోయింది. విప్పి చూస్తే ఒక కణుపు సరిగా చెక్కలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంకొక మాట. వెదురు బలమంతా నిలువునా ఉంటుంది. అడ్డంగా బలం లేదు కాబట్టే కత్తి పెడితే సర్రున చీలుతుంది. మరి మన తడక ఎందుకు చీలదు? బద్దలు ఒకదానికొకటి అడ్డంగా పోతాయి కాబట్టి. ప్లైవుడ్‌లో పొరలను అడ్డదిడ్డంగా పేర్చేది కూడా ఇందుకే. బెంగళూరులోని ప్లైవుడ్ పరిశోధన సంస్థ ఈ తడకలనే రెసిన్‌లో ముంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వేడితో నొక్కి గట్టి బోర్డులు తయారుచేసింది. పైనా కిందా తడక, మధ్యలో పలుచటి చెక్క పొరలు పెడితే బోర్డు ఇంకా వంగకుండా నిలుస్తుంది. ఇంటి పైకప్పు రేకుల్లాంటివి కూడా తడకలతో చేస్తున్నారు. అంటే మన అవ్వలు, తాతలు అల్లే తడక ఆ బోర్డుకు ముడిసరుకు. తట్టగా అమ్మితే ఒక ధర, బోర్డుగా అమ్మితే ఇంకో ధర. ఆ రెండో ధర ఎవరి చేతికి పోవాలన్నదే మన ముందున్న ప్రశ్న.

చట్టం కొంత తోడుంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. మన ఆసిఫాబాద్ జిల్లాకు ఆనుకునే గడ్చిరోలి ఉంది. అక్కడి మెండా లేఖా అనే గోండు ఊరి గ్రామసభ 2011లో తమ వెదురుకు తామే రవాణా పర్మిట్లు ఇచ్చుకునే అధికారం సాధించింది. ఊరంతా ఏళ్ల తరబడి కూర్చుని మాట్లాడుకుంటే వచ్చిన ఫలితం అది.

మీలో కొందరు పట్నం వెళ్లి బోర్డుల ఫ్యాక్టరీల్లో కూలి చేస్తున్నారని మాకు తెలుసు. తప్పు లేదు. కానీ అక్కడ ప్రెస్సు ఎలా నడుస్తుందో, రెసిన్ ఎంత కలుపుతారో, తేమ ఎలా కొలుస్తారో నేర్చుకుని రండి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివేవాళ్లు వడ్రంగం పనిని చిన్నచూపు చూడకండి. ఊళ్లో ఉన్నవాళ్లు ఈ చలికాలం ఒక తాత దగ్గర కూర్చుని ఏ బొంగు ఎప్పుడు కొట్టాలో నేర్చుకోండి. ఆ తాతలు ఎల్లకాలం ఉండరు. ఒక సగం తెలిసినవాళ్లు ఊళ్లో, ఇంకో సగం తెలిసినవాళ్లు పట్నంలో ఉండిపోతే, మా మొదటి బల్లలాగే విడిపోతాం.

తడికి ఆగే ప్లైవుడ్ ముక్కను పరీక్షలో 72 గంటలు నీళ్లలో ఉడికిస్తారు. పొర లేవకపోతేనే పాస్. మా బల్లలు అంత పరీక్షకు ఆగవు, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాం. అయినా ఒక బల్లను, ఒక బకెట్ నీళ్లను బయట వరండాలో పెట్టాం. ఆ బల్ల చేసింది ఆ కొలాం పాపే. పక్కన వాళ్ల తాత కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఆ పాప అందరికీ "మా తాత" అనే చెబుతోంది. వెళ్లి బల్ల పట్టుకు చూడండి, వంచి చూడండి, తడిపి చూడండి. ఎక్కడ లేచిపోతుందో అక్కడి నుంచి మీరు మొదలుపెట్టండి.

జోహార్.