పట్టా ఎవరి చేతిలో?

పట్టభద్రులకు, వెనక వరసల్లో శాలువాలు కప్పుకుని చలికి ముడుచుకు కూర్చున్న అమ్మానాన్నలకు నమస్కారం. పిల్లలు ఈపాటికి ఇంగ్లీషు ప్రసంగాలు కావలసినన్ని విన్నారు. నేను మీకోసం తెలుగులో మాట్లాడతాను.

మన భాషలో చదువు పూర్తయితే చేతికొచ్చేదీ పట్టాయే, పొలం మనదని చూపే కాగితమూ పట్టాయే. కౌలు రైతు ఇంట పుట్టినవాణ్ని, నాకు రెండో అర్థమే ముందు తెలిసింది. మా తాత ఇరవై ఏళ్లు ఒకే చేలో నడుం వంచాడు. ఏటా ఉగాది దగ్గరపడితే ఆసామి ఇంటి అరుగు మీద పడిగాపులు కాసేవాడు, వచ్చే ఏడు చేను తనకుంటుందో లేదో తెలియక. ఆ ఇరవై ఏళ్లలో గట్టున ఒక్క కొబ్బరి మొక్క నాటలేదు.

ఈ బాధ మనమున్న ఈ ఐర్లండ్ ఊరు కాజిల్‌బార్‌కు బాగా తెలుసు. ఇక్కడికి దగ్గర్లోని స్ట్రేడ్‌లో పుట్టిన మైఖేల్ డేవిట్‌కు నాలుగేళ్లప్పుడు, 1850లో, కౌలు బాకీ పేరిట ఆ కుటుంబాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టారు. వాళ్లు ఇంగ్లండు చేరారు. పదకొండేళ్లకే ఆ పిల్లాడు పత్తి మిల్లులో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. అతనే పెద్దయ్యాక 1879 ఆగస్టు 16న ఈ ఊళ్లోనే, డేలీ హోటల్‌లో, మేయో ల్యాండ్ లీగ్ అనే రైతు సంఘం పెట్టాడు. రెండు నెలలకు డబ్లిన్‌లో అది దేశమంతటి సంఘమైంది. న్యాయమైన కౌలు, కౌలు కడుతున్నంతకాలం కదిలించబోమన్న హామీ, తన సాగు హక్కును అమ్ముకునే స్వేచ్ఛ కావాలన్నారు. 1881 చట్టంలో మూడూ వచ్చాయి. ఈలోగా ఇదే మేయో జిల్లాలో, బాలిన్‌రోబ్ దగ్గర, ఒక ఎస్టేట్ ఏజెంటును ఊరంతా వెలివేసింది. ఆయన పేరు కెప్టెన్ బాయ్‌కాట్. ఆ పేరు మన పేపర్లలో ఇప్పటికీ వారానికోసారైనా కనబడుతుంది.

కంప్యూటర్లు చదివినవాళ్లకు ఈ పొలం గొడవెందుకంటారా? రేపు మీలో చాలామంది కూర్చునేది బ్యాంకుల, ఆసుపత్రుల సర్వర్ల ముందు. అక్కడ చాలాచోట్ల నడిచేది రెడ్‌హ్యాట్ కంపెనీ వాళ్ల ఎంటర్‌ప్రైజ్ లినక్స్, పొట్టిగా రెల్, అనే ఆపరేటింగ్ సిస్టం. 2025 మే 20న రెడ్‌హ్యాట్ దాని పదో వెర్షన్, రెల్ 10, విడుదల చేసింది. అందులో లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ 6.12 వెర్షన్ ఉంది. రాబోయే క్వాంటమ్ కంప్యూటర్లు ఇప్పటి ఎన్‌క్రిప్షన్ తాళాలు విప్పేస్తాయన్న భయంతో కొత్తరకం తాళాలూ పెట్టారు. సందేహాలు తీర్చే ఏఐ సాయమూ ఉంది. వాటి గొప్పలు బ్రోషర్లో చదువుకోండి. నా కన్ను పడింది ఒక తేదీ మీద: 2035 మే 31. అంతవరకూ మరమ్మతులు అందుతాయన్నమాట. సర్వర్లు నడిపేవాడు నిజంగా డబ్బు పోసి కొనేది ఆ పదేళ్లనే. కొబ్బరి మొక్క నాటాలంటే ఆపాటి గడువైనా ఉండాలి.

అదే సరుకును డబ్బు కట్టకుండా వాడుకునేవాళ్లకు సెంట్‌ఓఎస్ ఉండేది. దాని ఎనిమిదో వెర్షన్‌కు 2029 దాకా ఢోకా లేదని నమ్మి ఎందరో ఇళ్లు కట్టుకున్నారు. 2020 డిసెంబరు 8న ప్రకటన వచ్చింది, 2021 చివరితో సరి అని. బాకీ పడ్డవాడెవడూ లేడు. అసలు కౌలే లేదుగా, చిక్కంతా అక్కడే. పైసా తీసుకోనివాడు మాట నిలుపుకోకపోతే నిలదీసేదెవరిని? ఇక్కడి ఆసామి రెడ్‌హ్యాట్ వైపూ న్యాయం లేకపోలేదు: జీతాలిచ్చి పదేళ్లపాటు బొక్కలు పూడ్చేది వాళ్లే.

అయితే ఇక్కడ డేవిట్ కాలపు రైతుకు లేనిదొకటి ఉంది. లినక్స్ కెర్నెల్ 1992 నుంచి జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. ప్రోగ్రాం చేతికిచ్చినవాడు దాని సోర్సు కోడ్ కూడా ఇవ్వాలి, పుచ్చుకున్నవాడు దాన్ని మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అంటే తరిమేసినా విత్తనాలు పట్టుకుపోవచ్చు. సెంట్‌ఓఎస్‌కు బదులుగా 2021లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ మొలిచాయి. రాకీ అనేది సెంట్‌ఓఎస్ తొలి రోజుల్లో పనిచేసి కన్నుమూసిన ఒక సహచరుడి పేరు. 2023లో రెడ్‌హ్యాట్ సోర్సు దారి ఇరుకు చేసినా ఆ రెండూ ఎండిపోలేదు, రెల్ 10 వచ్చిన నెల తిరక్కముందే తమ పదో వెర్షన్లు తెచ్చాయి. రెల్ 10కు ఇంటెల్ చిప్పులైతే దాదాపు 2013 నుంచి వచ్చిన తరానివి ఉండాలి. ఆల్మా మాత్రం అంతకంటే పాత యంత్రాలకూ ఒక ప్రతి విడిగా కట్టింది. ముసలి సర్వర్లతో నెట్టుకొచ్చే చిన్న కాలేజీల పక్షాన నేను ఆల్మాకు రెండు మార్కులు ఎక్కువేస్తాను.

ఉద్యోగంలో చేరిన మొదటివారమే అడగండి: ఏ వెర్షన్, ఎప్పటిదాకా, కౌలా పట్టానా? చాలా ఆఫీసుల్లో ఎవరికీ తెలియదు, చెప్పగలిగినవాళ్లు దొరికితే వాళ్ల పక్కనే కుర్చీ వేసుకోండి.

చదువయ్యాక ఇక్కడ ఉండి పని చేసుకోనిచ్చే మీ స్టాంప్ 1జీ అనుమతి కూడా కౌలేనని గుర్తుందిగా, పీజీ చేసినవాళ్లకు మహా అయితే రెండేళ్లు. కాసేపట్లో వాన తగ్గాక అమ్మానాన్నల్ని ఊళ్లోని మాల్ అనే పార్కు దాకా నడిపించి, ల్యాండ్ లీగ్ పుట్టిన హోటల్ ఎక్కడుండేదో చూపించండి. దారిలో నాన్న ఎలాగూ అడుగుతాడు, "ఇంతకీ నీ ఉద్యోగం పర్మనెంటేనా?" అని. ఏం చెబుతారో ఇప్పుడే ఆలోచించుకోండి.